తనిఖీ రోజున రాని పిల్లలు

తనిఖీకి వెళ్లేటప్పుడు మంచినీళ్ల సీసా ఇంటి దగ్గరే నింపుకుని పట్టుకెళ్లండి. మండల విద్యాశాఖలో అధికారిగా కొత్తగా చేరేవాళ్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట చెప్పేది ఇదే. నవ్వుతారు. ముసలాయన చాదస్తం అనుకుంటారు, అనుకోనివ్వండి. బడి గేటు దాటగానే కొబ్బరిబొండాం వస్తుంది. దాని వెనకాల జీడిపప్పు ప్లేటు, మధ్యాహ్నానికి నాటుకోడి. కొబ్బరినీళ్లు తాగిన నోటితో మీ పిల్లలకి చదవడం ఎందుకు రాదని అడగడం కష్టం. నేను అడిగి చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా ఉద్యోగంలో చాలా భాగం బళ్లు తనిఖీ చేయడంలోనే గడిచింది. దేవరాపల్లి, మాకవరపాలెం, ఎస్. రాయవరం, ఇంకా ఆ చుట్టుపక్కల నేను తిరగని చేలగట్టు లేదు. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు ఎక్కడ సన్మానం చేశారు, అవేవీ ఇక్కడ రాయను. కప్పిన శాలువాలన్నీ మా ఆవిడ పాత చీరలతో కలిపి స్టీలు సామాన్లవాడికి వేసేసింది. వాటికి ఒక చిన్న గిన్నె వచ్చింది. అంతకుమించి వాటి విలువ లేదని నేనూ ఒప్పుకున్నాను.

రాయవలసింది ఒకటే ఉంది. బడి చదువు చెప్పకపోతే ఆ బడిని ఎవరు నిలదీస్తారు? ఆ పని నాదేనని నమ్మి జీతం తీసుకున్నాను. పిల్లలు ఫెయిలవడం చూశాను, పిల్లలు బడి మానేయడం చూశాను, పిల్లలు తన్నులు తినడం చూశాను. ఒక్క బడి కూడా ఫెయిలవడం నేను చూడలేదు. ఎందుకలా జరుగుతుందో నాకు అర్థమయ్యేలా చేసింది నూకరత్నం అనే పిల్ల. ఆ పిల్ల సంగతే రాస్తాను.

చెరకు తోటలో

దేవరాపల్లి వైపు ఒక ఊరు. పేరు అనవసరం. చిన్న ప్రాథమిక పాఠశాల, ఇద్దరు టీచర్లు. హెడ్‌మాస్టరు సన్యాసిరావు గారు. మండలంలో ఆ బడికి మంచి పేరుండేది. నేను వెళ్లినప్పుడల్లా పిల్లలు పాఠం గడగడా చదివేవారు, ఎక్కాలు అప్పజెప్పేవారు. ప్రతిసారీ కొంతమంది మాత్రం కనిపించేవారు కాదు. చెరకు నరుకుడు రోజులు కదండీ, అమ్మానాన్నలతో పోయి ఉంటారు అనేవారు మాస్టారు. నిజమే అయి ఉంటుందనుకునేవాణ్ణి. మా ప్రాంతంలో అది మామూలే.

ఒకసారి ఇంకాసేపట్లో ఊరొస్తుందనగా జీపు టైరు పంక్చరైంది. డ్రైవరు చక్రం విప్పుతుంటే, గట్టు మీంచి అడ్డంగా పడి వెళితే బడి వెనక్కి చేరతానని నడక మొదలుపెట్టాను. బడి వెనక గోడ లేదు, చెరకు తోట. ఆ తోట అంచున ఎండుటాకుల మీద ఐదారుగురు పిల్లలు కూర్చుని చెరకు నములుతున్నారు. పుస్తకాల సంచులు వీపుకే ఉన్నాయి. నన్ను చూసి బెదరలేదు. జీపులోంచి దిగినవాడే వాళ్ల లెక్కలో అధికారి. కాళ్లకి మట్టితో గట్టు మీద వచ్చినవాణ్ణి ఎవరి ఇంటికో వచ్చిన చుట్టం అనుకున్నారు.

బడికి వెళ్లలేదేమర్రా అని అడిగాను. అందరిలోకి పొడుగ్గా ఉన్న పిల్ల, అయిదో తరగతి, జవాబు చెప్పింది.

"ఎల్లేమండి. తనికీ వత్తందని ఒచ్చేసేం."

"తనిఖీ వస్తే మీరెందుకు వచ్చేయాలి?"

"మాకు సదవడం రాదు కదండీ. మేముంటే బడికి పేరు పోద్ది."

ఆ మాట ఎవరన్నారని అడిగాను. ఆ పిల్ల చెరకు పిప్పి ఊసి, ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది.

"ఎవురూ అన్నేదండి. మాకు తెల్సు."

కొట్టి పంపించారంటే కోపం తెచ్చుకునేవాణ్ణి. భయపెట్టారంటే రిపోర్టు రాసేవాణ్ణి. ఈ పిల్లలు వాళ్లంతట వాళ్లే సంచులు తగిలించుకుని తోటలోకి వచ్చేశారు. బడి పరువు కాపాడే పని వాళ్ల నెత్తినేసుకున్నారు. బడి వాళ్లకి రెండు అక్షరాలు కూడా ఇవ్వలేదు.

నేను అక్కడే కూర్చున్నాను. పేరు అడిగితే నూకరత్నం అంది. ఒక పుల్ల తీసుకుని నేల మీద 'నూక' అని రాసి, ఏ అక్షరం ఏమిటో చెప్పాను. అదే పుల్లతో తనూ దిద్దింది. మొదటిసారి వంకర పోయింది, తరవాత కుదిరింది. అంతలో తల ఎత్తి పక్కనున్న కుర్రాణ్ణి చూపించింది.

"ఈడు కనకరాజండి. ఈడికి ఇది రెండుసార్లొత్తాదా?"

'క' మీద వేలు పెట్టి అడిగింది. నేను చెప్పింది తన పేరు వరకే. ఇంకొకడి పేరులో ఆ అక్షరాన్ని తనే పట్టుకుంది. కొత్త టీచర్లు ఈ ముక్క బాగా గుర్తుంచుకోండి. చదువు రావడం అంటే అదే. అయిదేళ్లు బడిలో కూర్చున్న పిల్లకి అది చెరకు తోటలో, దారిన పోయేవాడి దగ్గర వచ్చింది. ఈ పిల్లకి ఇప్పుడు ఎవరో ఒకరు రోజూ కూర్చుని చెబితే, వేసవి సెలవులు వచ్చేలోగా చదువుతుంది. చెప్పకపోతే ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూలుకి వెళుతుంది, నాలుగు రోజులు వెనక బెంచీలో కూర్చుని మానేస్తుంది. ఆ రోజు నా ముందున్న పని అదొక్కటే.

మంచివాడితో కష్టం

ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని ముందు వైపు నుంచి బడిలోకి వెళ్లాను. సన్యాసిరావు గారు నన్నూ వాళ్లనీ చూసి, చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టి కుర్చీ తుడిచారు. అబద్ధం ఆడలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఆయన దుర్మార్గుడైతే నా పని సులువయ్యేది. ఇస్త్రీ చొక్కాతో రోజూ బడికి వచ్చేవారు. ఊళ్లో ఎవరి పింఛను ఆగిపోయినా ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. పిల్లల మీద చెయ్యెత్తిన మనిషి కాదు. చదువు ఒక్కటే చెప్పేవారు కాదు. ముందు బెంచీల్లో పట్టుకునేవాళ్లు పట్టుకున్నారు, మిగతావాళ్లకి రాదు అని ఆయన ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు.

ఎందుకిలా అని అడిగితే ఆయన చెప్పింది ఇది: "నలుగురిలో ఆ పిల్లల్ని సిన్నబుచ్చడం ఎందుకండీ. మీరు అడుగుతారు, ఆళ్లు తెల్లమొహం ఏత్తారు. ఆ ఒక్క రోజు బయటికెళ్తుంటే నేనూ ఊరుకున్నాను."

దయగానే చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క రోజు సిగ్గుపడకుండా చూడబోయి జన్మంతా సిగ్గుపడేలా చేశారు కదండీ అన్నాను. కొబ్బరిబొండాం వచ్చింది. ఆ రోజు తాగలేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకి ఒక మాట. మీకు ఎదురయ్యేవాళ్లలో చెడ్డ మాస్టార్లు కొద్దిమందే. తాగి వచ్చేవాణ్ణి, అసలు రానివాణ్ణి పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఊరంతా మెచ్చుకునే మనిషి, చదువు చెప్పని మనిషి ఒక్కరే అయినప్పుడు మీరు ఒంటరి అయిపోతారు. నేను అయ్యాను.

తల్లిదండ్రుల మీటింగు

మాస్టారికి నోటీసు ఇచ్చాను. విచారణ కింద తల్లిదండ్రుల మీటింగు పెట్టించాను. అంతకుముందు నూకరత్నం తండ్రి అప్పలరాజుని కలిశాను. చెరకు నరికే కూలి. కత్తి నూరుకుంటూ నా మాట మొత్తం విన్నాడు. అయిదేళ్లు మానకుండా పంపించేను బాబూ, అడగాల్సిందే, నేనే అడుగుతాను అన్నాడు. ఊళ్లో ఒక్క తండ్రి లేచి అడిగితే మిగతావాళ్లూ లేస్తారని నాకు నమ్మకం. నా రిపోర్టు కంటే ఆ ఒక్క ప్రశ్నకే బలం ఎక్కువ.

మీటింగు రోజు బడి వరండా నిండిపోయింది. సన్యాసిరావు గారు ఓ పక్కన తల దించుకుని కూర్చున్నారు. నేను లేచి, అయిదో తరగతిలో ఇంతమందికి అక్షరాలు రావు, దీనికి బాధ్యత ఎవరిదో మీరే అడగండి అన్నాను. ఎవరూ కదల్లేదు. అప్పలరాజు వైపు చూశాను. అతను లేచాడు. మాస్టారి వైపు చూశాడు. వాళ్లమ్మ పింఛను ఆ మాస్టారు తిరిగి తిరిగి ఇప్పించిందేనని నాకు తరవాత తెలిసింది. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"మా పిల్లకి బుర్ర నేదండి. మాస్టారిది తప్పేటి నేదు."

నూకరత్నం వరండా చివర స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. విన్నది. నేను ఉండబట్టలేక చెరకు తోటలో జరిగింది చెప్పాను, ఈ పిల్ల నా ఎదురుగా నేర్చుకుంది అన్నాను. రెండచ్చరాలకే పెద్ద సదువా బాబూ అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడు లేదు. మీటింగు తేలికగా అయిపోతోందన్న సంతోషం, అంతే. పిల్ల మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న ముఖమే చూస్తూ ఉంది.

అప్పలరాజు మీద నాకిప్పుడు కోపం లేదు. అతను చూసిన లోకంలో మాస్టారు ఒక్కరే అతని పని చేసిపెట్టిన చదువుకున్న మనిషి. అటువంటి మనిషిని నలుగురిలో నిలదీయమని నేను అడిగాను. తన బిడ్డని తక్కువ చేసుకుని ఆయన్ని కాపాడాడు. ఆ ఇంట్లో ఇంకేమీ లేదు ఇవ్వడానికి.

మన వ్యవస్థలో ఉన్న మెలిక నాకు ఆ వరండాలో తెలిసింది. పరీక్ష బడికి. ప్రశ్న వేసేది పిల్లకి. జవాబు రాకపోతే బడి తప్పలేదు, పిల్ల తప్పింది. బుర్ర లేదు, శ్రద్ధ లేదు, ఇంట్లో పట్టించుకోరు. ఈ మాటలు నేను ఎన్ని బళ్లలో విన్నానో చెప్పలేను. మేం సరిగా చెప్పలేదు అన్న మాట ఏ టీచరు నోటా, ఏ కరెస్పాండెంటు నోటా, మా శాఖలో ఎవరి నోటా రాలేదు.

శిక్ష

రిపోర్టు రాసి పైకి పంపాను. అప్పటి మా పై అధికారి నన్ను పిలిపించారు. మర్యాదస్తుడు, ఎవర్నీ గొంతెత్తి అనరు. కూర్చోబెట్టి టీ ఇప్పించి అన్నారు: "మీరు తప్పు పట్టుకున్నారు, బాగుంది. కానీ ఇంతమందికి అక్షరాలు రావని పైకి వెళితే మొదట అడిగేది మిమ్మల్నే. ఇన్నాళ్లూ మీరేం తనిఖీ చేశారని. ఆ తరవాత నన్ను."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కింద పిల్లలు తోటలో దాక్కున్నారు, పైన మేము కాగితాల్లో దాక్కుంటున్నాం. ఏం చేద్దామంటారు అని అడిగితే, మాస్టార్ని అక్కణ్ణుంచి కదిపేద్దాం, శిక్షా పడుతుంది, గొడవా తగ్గుతుంది అన్నారు.

కదిపారు. అనకాపల్లి పక్కనే, హైవే మీద బస్సు దిగితే అడుగు దూరంలో ఉన్న బడికి. సన్యాసిరావు గారు ఆ బదిలీ కోసం చాలాకాలంగా అర్జీలు పెడుతున్నారట. ఆయన భార్య మా ఆవిడకి గుళ్లో కనిపించి, మీ ఆయన పుణ్యమా అని ఊరికి దగ్గరయ్యాం అని చెప్పిందట. ఆ మాట మా ఆవిడే నాకు చెప్పింది.

పల్లెలో ఆయన ఖాళీ భర్తీ కాలేదు. ఉన్న ఒక్క టీచరూ అయిదు తరగతులకీ అన్నం పెట్టించి, దాని లెక్కలు రాసి, సాయంత్రం గంట కొట్టేవారు. నూకరత్నానికి అక్షరాలు చెప్పేదెవరు? టీచర్ని వెయ్యమని నేను అడిగాను, మళ్లీ అడిగాను. ఈలోగా నాకు మాకవరపాలెం బదిలీ అయింది. ఆ పిల్ల హైస్కూల్లో చేరి కొద్ది రోజులకే మానేసిందని తరవాత తెలిసింది. అనుకున్నదే. అనుకున్నది జరిగితే ఆ బాధ తక్కువగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

టౌన్లో అయితే

ప్రైవేటు బళ్లు నయం అనుకునేవాళ్ల కోసం ఒక్క ముక్క. టౌన్లో చెరకు తోట ఉండదు, టీసీ ఉంటుంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే మేరీ గారని ఒకావిడ కొడుకుతో నా దగ్గరికి వచ్చారు. కుర్రాడు చిన్నప్పట్నుంచీ ఒకే బడి. పదో తరగతికి ముందు పిలిచి, వేరే బళ్లో చేర్పించుకోండమ్మా, మా రిజల్టు పాడవుతుంది అన్నారట. ఇన్నేళ్లు చెప్పింది వాళ్లే కదా, రాకపోతే తప్పు వాళ్లది కాదా అని ఆవిడ సూటిగా అడిగారు. నేను ఆ బడికి వెళ్లి గట్టిగా అడిగాను. అమ్మగారు తనంతట తనే టీసీకి దరఖాస్తు పెట్టుకున్నారు సార్ అని, ఆవిడ సంతకం చూపించారు. ఆ వేసవిలో వాళ్ల గేటు మీద నూటికి నూరు శాతం అని ఫ్లెక్సీ కట్టారు. ఆ నూరులో మేరీ గారి అబ్బాయి లేడు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నేను తల పక్కకి తిప్పుకునేవాణ్ణి.

ఇడ్లీ బండి దగ్గర

రిటైరయ్యాక అనకాపల్లిలోనే ఉంటున్నాను. మోకాళ్ల కోసం పొద్దున్నే నడుస్తాను. మా వీధి చివర కొత్తగా ఒక ఇడ్లీ బండి వచ్చింది. భార్యాభర్తలు నడుపుతారు. మొన్నామధ్య ఒక పని రోజున ఆ బండి పక్కన ఎనిమిదేళ్ల పిల్ల యూనిఫాం వేసుకుని, స్టూలు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. బడి వేళ అయిపోతోంది. బడికి వెళ్లలేదా అమ్మా అని అడిగాను, పాత అలవాటు. పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది.

"ఇయాల తనికీ అంటండి. ఆళ్ల మేడం వద్దన్నాది," అంది వాళ్లమ్మ, పళ్లెంలో ఇడ్లీలు పెడుతూ. పళ్లెం నా చేతికి ఇస్తూ నా ముఖంలోకి చూసి ఆగింది. "మీరు తనికీ సారు కదండీ. సెరుకు తోటలో నా పేరు రాసేరు."

నూకరత్నం. నేనైతే గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఆమె మర్చిపోలేదు. పెళ్లయి ఇక్కడికి వచ్చేశారట. పిల్ల పేరు హాసిని, మూడో తరగతి, పక్క సందులోని బడిలోనే. పిల్లని ఎందుకు రావద్దన్నారని అడిగాను. ఆమె నవ్వింది.

"దానికి సదవడం రాదండి. నా బుర్రే వచ్చింది."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆ వరండాలో వాళ్ల నాన్న అన్న మాట ఇన్నేళ్లు మోసి, ఇప్పుడు కూతురికి పంచి ఇస్తోంది. నీ బుర్రకేం తక్కువ, నీ పేరు చెబితే కనకరాజు పేరులో అక్షరం నువ్వే పట్టుకున్నావు కదా అన్నాను. ఆమె చట్నీ గరిటె గిన్నెలో ఉంచింది.

"అది మీరు సెప్పేరు కాబట్టి వచ్చిందండి."

పళ్లెం పక్కన పెట్టి, పిల్లని నాతో పంపు అన్నాను. మేడం కోప్పడతాదేమోనండి అంది. నేను చూసుకుంటానన్నాను. ఈసారి పిల్ల వెనక దారిన పోకూడదు, తనిఖీ చేసేవాడి ముందు కూర్చోవాలి, రాదు అన్న సంగతి వాడి కంట పడాలి. అదే నా పట్టుదల. హాసిని చెయ్యి పట్టుకుని ముందు గేటులోంచి లోపలికి వెళ్లాను.

తనిఖీకి వచ్చిన కుర్రాడు నాకు తెలిసినవాడే. ఒకప్పుడు నేను శిక్షణ ఇచ్చిన బ్యాచి. మరుగుదొడ్డికి, మధ్యాహ్న భోజనం గుడ్ల ట్రేకి ఫోనుతో ఫొటోలు తీస్తున్నవాడు నన్ను చూసి పరుగున వచ్చి కాళ్లకి దండం పెట్టాడు. మా గురువుగారు అని అందరికీ చెప్పి, తన కుర్చీ నాకు వేశాడు. హాసినిని మూడో తరగతి వరసలో కూర్చోబెట్టి, వీళ్లని చదివించి చూడు బాబూ, ఈ పిల్ల దగ్గర మొదలుపెట్టు అన్నాను. తప్పకుండా సార్ అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వు ముఖంతో ముందుకొచ్చారు.

"పెద్దాయన ఎండలో నడిచొచ్చేరు. హాసినీ, సార్‌కి కొట్లోంచి చల్లటి నీళ్ల సీసా పట్రామ్మా."

నాకు దాహం లేదు అనబోయేలోగా పిల్ల లేచిపోయింది. తనకో పని చెప్పినందుకు ముఖం వెలిగిపోయింది. గేటు దాకా పరుగెత్తి, మలుపు తిరిగింది. ఇక్కడ ముందు వరస పిల్లలు లేచి చదివారు. బాగా చదివారు. ఎక్కాలు చెప్పారు, పాట పాడారు. తనిఖీ కుర్రాడు ఫోనులో ఏదో నొక్కాడు. ఆ పిల్ల రానీ అన్నాను. అలాగే సార్ అన్నాడు, గడియారం చూసుకున్నాడు, ఇంకో రెండు బళ్లు ఉన్నాయన్నాడు. మళ్లీ కాళ్లకి దండం పెట్టాడు.

హాసిని రెండు చేతులతో సీసా పట్టుకుని ఆయాసపడుతూ వచ్చేసరికి తనిఖీ అయిపోయింది.